పంపు నీళ్లలో బ్లీచింగ్ వాసన: పాఠకుల ప్రశ్నలు

వానలు మొదలై కృష్ణలో ఎర్రనీళ్లు దిగాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం నీళ్ల గురించే ఉంటాయి. ఈసారి ఒకే రకం ప్రశ్నలన్నీ కలిపేసి, పేర్లు తీసేసి, ఊరూ పేటా మాత్రం ఉంచాను.

ప్రశ్న: నమస్తే అండీ. మాది విజయవాడ సత్యనారాయణపురం. ఈమధ్య పొద్దున వచ్చే మున్సిపల్ నీళ్లు గ్లాసులో పట్టి నోటి దగ్గర పెట్టుకుంటే బ్లీచింగ్ వాసన గుప్పుమంటోంది. ఇంతలో మా ఆడపడుచు వాట్సాప్‌లో మెసేజ్ పంపింది, క్లోరిన్ కలిపిన నీళ్లు తాగితే క్యాన్సర్ వస్తుందని, విదేశాల్లో అందుకే మానేశారని. మా అమ్మాయి పురిటికి వచ్చింది, ఎనిమిదో నెల. ఆ మందు నీళ్లు దానికి పట్టించొద్దు, బోరు నీళ్లు కాచి ఇవ్వమని మా అత్తగారు పట్టుబడుతున్నారు. ఎవరి మాట వినాలో తెలీక టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మాయికి పంపు నీళ్లే ఇవ్వండమ్మా, కాచి చల్లార్చి. కాచమనడం వరకు మీ అత్తగారి మాట నూటికి నూరుపాళ్లు సరైనదే, బోరు దగ్గరే తేడా వస్తుంది. ఊరి మధ్య బోర్లలోకి సెప్టిక్ ట్యాంకుల నుంచి, మురుగు కాల్వల నుంచి నైట్రేట్ దిగే అవకాశం ఎక్కువ, అది కాస్తే పోయేది కాదు, పైగా నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. పరీక్ష చేయించని బోరు నీళ్లు కడుపుతో ఉన్నవాళ్లకి, ఆ తర్వాత పుట్టిన బిడ్డకి పాలపొడి కలపడానికి వాడకపోవడమే మంచిది.

ఇప్పుడే ఇంత వాసన ఎందుకంటే, వరద నీళ్లలో బురదతో పాటు కుళ్లిన ఆకూ అలమా బాగా వస్తాయి. హెడ్ వాటర్ వర్క్స్‌లో ముందు పటిక కలిపి బురదను కిందికి దింపుతారు, తేరిన నీళ్లను ఇసుక ఫిల్టర్లలోంచి పంపి, చివర్న క్లోరిన్ కలుపుతారు. అందులో కొంత అక్కడే క్రిముల్ని చంపడానికి, మిగిలిన మురికితో కలవడానికి ఖర్చయిపోతుంది కాబట్టి వానాకాలంలో మోతాదు పెంచక తప్పదు. ఖర్చు కాగా మిగిలింది గొట్టాల్లో మీ వంటింటి దాకా రావాలి. మన భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తాగునీళ్లకి పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరు నీళ్లలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు. ఆరోగ్యం దృష్ట్యా డబ్ల్యూహెచ్ఓ పెట్టిన హద్దు 5 మిల్లీగ్రాములు. కొందరి ముక్కుకైతే 0.3 దగ్గరే తెలిసిపోతుంది. కాబట్టి వాసన వచ్చినంత మాత్రాన మోతాదు మించిందని కాదు. గిన్నె మీదికి వంగితే కళ్లు మండేంత ఘాటు ఉంటే మాత్రం ఫోన్ చేసి అడగాల్సిందే.

ఇక వాట్సాప్ మెసేజ్. అది పూర్తిగా కట్టుకథ అయితే నాకూ సులువుగా ఉండేది, తీసిపారేయండి అనేవాణ్ణి. 1974లో రోటర్‌డామ్‌లో యొహానెస్ రూక్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక సంగతి బయటపెట్టారు: నీళ్లలో ఉండే ఆకు కుళ్లు లాంటి పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరోఫామ్, దాని చుట్టాలు మరికొన్ని పుడతాయి. వీటన్నిటినీ కలిపి ట్రైహాలోమీథేన్లు అంటారు. ఏళ్ల తరబడి వీటి మోతాదు ఎక్కువగా ఉన్న నీళ్లు తాగినవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ కొంచెం ఎక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. దాంతో అమెరికా 1979లో వీటికి హద్దు పెట్టింది, తర్వాత దాన్ని ఇంకా తగ్గించి లీటరుకు 0.08 మిల్లీగ్రాములు చేసింది. హద్దు పెట్టిందే కానీ క్లోరిన్ మానలేదు, అది గమనించండి. మన ఐఎస్ 10500లోనూ వీటిలో ఒక్కోదానికి విడివిడిగా హద్దులు ఉన్నాయి. డబ్ల్యూహెచ్ఓ మాట కూడా సూటిగానే ఉంది, క్రిములు చావని నీళ్ల వల్ల వచ్చే ముప్పుతో పోలిస్తే వీటి ముప్పు చాలా చాలా చిన్నదని.

విదేశాల్లో మానేశారన్న మాటా అలాగే సగం నిజం. నెదర్లాండ్స్‌లో గొట్టాల్లోకి క్లోరిన్ లేకుండానే నీళ్లు వదులుతారు. అక్కడ 24 గంటలూ గొట్టాల్లో ప్రెషర్ ఉంటుంది, లీకులు బహు తక్కువ, బయటి నుంచి ఏదీ లోపలికి దూరే సందు ఉండదు. మనకు పూటకు కాసేపు వచ్చి ఆగిపోయే నీళ్లు, మురుగు కాల్వను దాటుకుంటూ పోయే పైపులు. వాళ్లు మానేశారని మనమూ మానేస్తే నెల తిరక్కుండా ఆసుపత్రులు నిండిపోతాయి.

గర్భిణుల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 1998లో కాలిఫోర్నియాలో ఒక అధ్యయనం ఈ ట్రైహాలోమీథేన్లకీ గర్భస్రావాలకీ సంబంధం ఉండొచ్చంది, తర్వాత అమెరికాలోనే ఇంకా జాగ్రత్తగా చేసిన పెద్ద అధ్యయనం దాన్ని బలపరచలేదు. ఎనిమిదో నెల అమ్మాయి విషయంలో నేను భయపడేది వేరే దానికి: హెపటైటిస్ ఈ. మురుగు కలిసిన నీళ్ల ద్వారా వచ్చే పచ్చకామెర్లు అవి. మామూలు మనిషికి వస్తే చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి కానీ గర్భిణికి చివరి మూడు నెలల్లో సోకితే నూటికి 20, 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. మీ గ్లాసులో వాసన వస్తున్న ఆ క్లోరిన్ అడ్డుకునేవాటిలో ఇదీ ఒకటి.

కాబట్టి చేయాల్సింది ఇంతే. నీళ్లు మూత లేని గిన్నెలో తెర్లేదాకా కాచండి, క్లోరిన్ వాసనా పోతుంది, ట్రైహాలోమీథేన్లు కూడా ఆవిరయ్యే గుణం ఉన్నవే కాబట్టి చాలావరకు ఎగిరిపోతాయి. వంటింటి కిటికీ తీసి ఉంచండి. చల్లారాక మూత పెట్టి ఆ రోజుకి ఆ రోజే వాడేయండి, ఎందుకంటే కాచిన నీళ్లలో ఇక కాపాడే క్లోరిన్ ఉండదు, చెయ్యి ముంచితే మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: సార్, నేను రిటైర్డ్ టీచర్ని, గుంటూరు బ్రాడీపేట. పటికలో అల్యూమినియం ఉంటుందనీ, దానివల్ల అల్జీమర్స్ వస్తుందనీ చదివాను. మా అమ్మగారికి చివరి రోజుల్లో మతిమరుపు వచ్చింది. మా ఊళ్లో ఆవిడ బిందెలో పటిక తిప్పి తేర్చిన నీళ్లే జీవితమంతా తాగారు. సంబంధం ఉందంటారా?

జవాబు: అమ్మగారి మతిమరుపుని పటిక మీదికి నెట్టడానికి ఆధారం లేదు మాష్టారూ. ఈ అనుమానం ఎప్పటినుంచో ఉంది, దీని మీద పరిశోధనలూ చాలా జరిగాయి, అల్యూమినియం వల్లే అల్జీమర్స్ వస్తుందని మాత్రం తేలలేదు.

అనుమానం గాల్లోంచి పుట్టలేదు లెండి. 1970ల్లో డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులు కొందరికి మాట తడబడటం, ఫిట్స్, మతి చెడటం కనిపించాయి, చూస్తే డయాలసిస్‌కి వాడిన నీళ్లలో అల్యూమినియం ఉంది. డయాలసిస్‌లో ఒక్క దఫాకి 120 లీటర్ల దాకా నీళ్లు రోగి రక్తం పక్కనుంచి పలచటి పొర అవతల పారతాయి, కడుపు అనే కాపలా అక్కడ ఉండదు. తాగినప్పుడు అలా కాదు, లోపలికి పోయిన అల్యూమినియంలో నూటికి ఒక వంతు కూడా రక్తంలో కలవదు, కలిసినదాన్ని బాగున్న కిడ్నీలు బయటికి పంపేస్తాయి. డయాలసిస్‌లో ఆ కాపలా లేదు కాబట్టే ఆ సెంటర్లలో నీళ్లలోని లవణాల్ని తీసేసే ఆర్వో ప్లాంటు తప్పనిసరి. మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ముదిరి ఉంటే, నీళ్ల కంటే ముందు గ్యాస్ మాత్రల గురించి డాక్టర్ని అడగండి. అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉన్న మాత్ర ఒక్కటి చప్పరిస్తే పదుల మిల్లీగ్రాముల అల్యూమినియం. నీళ్లలో ఐఎస్ 10500 అనుమతించే గరిష్ఠం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. రోజూ రెండు మాత్రలు నోట్లో వేసుకుంటూ పటిక గురించి దిగులుపడేవాళ్లని నేను చాలామందినే చూశాను.

పొరపాటున పటిక మరీ ఎక్కువైతే ఏమవుతుందో తెలిపే ఉదంతం ఒకటుంది. 1988 జులైలో ఇంగ్లండ్‌లోని క్యామెల్‌ఫర్డ్ దగ్గర లారీ డ్రైవరు 20 టన్నుల అల్యూమినియం సల్ఫేట్ ద్రావణాన్ని వేరే ట్యాంకులో వంపేశాడు, అది నేరుగా దాదాపు 20,000 మంది కుళాయిల్లోకి పోయింది. నీళ్లు పుల్లగా, నోరు మండేలా ఉన్నాయని జనం గోల పెట్టారు. అంటే అంత మోతాదు పడితే నాలుకే ముందు చెప్పేస్తుంది.

ఇంట్లో పటిక తిప్పే అలవాటున్నవాళ్లకి ఒక మాట. రెండు మూడు చుట్లు తిప్పి ఆపేయండి, గంటసేపు కదపకుండా ఉంచి పైతేట మాత్రమే వంచుకోండి. అడుగున తేరిన బురదలోనే క్రిములూ, పటికలో ఎక్కువ భాగమూ ఉంటాయి. చిల్లగింజ అరగదీసి కలిపినా ఇదే పద్ధతి. రెండిట్లో ఏదైనా నీళ్లని తేట చేస్తుందే కానీ క్రిముల్ని పూర్తిగా చంపదు, కాచడం మానకూడదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా తమ్ముడు కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతారు, పిల్లల మెదడుకి మంచిది కాదు, ఫిల్టరు పెట్టించు అక్కా అంటున్నాడు. (కృష్ణలంక, విజయవాడ)

జవాబు: కలిపేది వాళ్ల దగ్గర, మన దగ్గర కాదు. అమెరికాలో 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ ఊళ్లో మొదలుపెట్టారు, పళ్లు పుచ్చకుండా. మనకి భూగర్భ జలాల్లోనే కొన్నిచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంగిపోయే పరిస్థితి, మన గొడవంతా దాన్ని తీసేయడం గురించే. పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. కృష్ణ నీళ్లు తాగే మీకు ఈ బెంగ అక్కర్లేదు, తమ్ముడికి అలాగే చెప్పండి.

ప్రశ్న: వాటర్ ఫిల్టర్లు అమ్మే కుర్రాళ్లు ఇద్దరు మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు (లక్ష్మీపురం, గుంటూరు). ఒక గ్లాసులో మా పంపు నీళ్లు, ఇంకో గ్లాసులో వాళ్ల మెషీన్ నీళ్లు పోసి, కరెంటు ప్లగ్ ఉన్న కడ్డీల డబ్బా ఒకటి రెండిట్లోనూ ముంచారు. రెండు నిమిషాల్లో మా నీళ్లు తుప్పు రంగులోకి తిరిగి పైన నల్లటి తెట్టు కట్టింది, వాళ్ల నీళ్లు అలాగే తెల్లగా ఉన్నాయి. మీరు తాగే కెమికల్స్ ఇవేనండీ అన్నారు. చూసి కడుపులో తిప్పింది. మా ఫ్లోర్‌లో అప్పటికప్పుడే ముగ్గురు అడ్వాన్సు ఇచ్చేశారు.

జవాబు: మీరు ఇవ్వలేదు కదా, సంతోషం. మళ్లీ వస్తే వాళ్ల మెషీన్ నీళ్ల గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేసి కడ్డీలు ముంచమనండి. అదే తుప్పు, అదే తెట్టు వస్తుంది, వాళ్ల మొహాలు చూడాలప్పుడు. ఆ కడ్డీల్లో ఇనుము ఉంటుంది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పై తేలుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారదు, అంతే. గ్లాసులో కనబడిన చెత్త మీ నీళ్లది కాదు, వాళ్ల కడ్డీలది.

అసలు మీకు ఆర్వో కావాలా అంటే, టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, 500 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు తాగాల్సి వస్తే కావాలి. శుద్ధి చేసి పంపే కృష్ణ నీళ్లకు సాధారణంగా ఆ లోపే ఉంటుంది. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వోలు వద్దనే ఉద్దేశంతోనే 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రానికి ఆదేశాలిచ్చింది. లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు సింకులోకి పోవడం మీరూ చూసే ఉంటారు. వాసన ఒక్కటే ఇబ్బందైతే కార్బన్ ఫిల్టరు, దాంతోపాటు యూవీ ఉన్నది చాలు. కార్ట్రిడ్జ్ మాత్రం గడువుకి మార్చాలి, మార్చకపోతే అందులోనే క్రిములు కాపురం పెడతాయి. ఇంకో సంగతి, ఆర్వో మెషీన్‌లో మొదట కార్బనే క్లోరిన్‌ని పీల్చేస్తుంది, ఆపైన ట్యాంకులో నిలవుండే నీళ్లకి ఏ రక్షణా ఉండదు. ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల టిన్ను కూడా అంతే, మూత తీసి కుండలో వంచి నాలుగైదు రోజులు వాడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు సంపు మునిగింది. అప్పుడు ఎవరో చెప్పినట్టు బ్లీచింగ్ ప్యాకెట్ మొత్తం వేసేశాం, వారం దాకా ఆ నీళ్లు ముట్టుకోలేకపోయాం. మళ్లీ వానాకాలం వచ్చింది. ఎంత వేయాలి? ఎక్కువైతే విషమా?

జవాబు: రెండు పనులకి రెండు లెక్కలు, అవి కలిపేస్తేనే తంటా. ట్యాంకు కడగడానికి వేసేది వేరు, తాగే నీళ్లలో వేసేది వేరు.

కడగడానికైతే, ముందు బురద అంతా తోడి, బ్రష్‌తో గోడలు రుద్ది, నీళ్లు నింపాక 1000 లీటర్లకి 150 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు. పౌడరు నేరుగా వేయకండి. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లతో కలిపి కాసేపు ఉంచితే సున్నం అడుగుకి దిగుతుంది, పైతేట మాత్రం ట్యాంకులో పోయండి. కుళాయిలు ఒక్కొక్కటీ తిప్పి వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి, అప్పుడే పైపులూ శుభ్రమవుతాయి. ఒక రోజు ఉంచి మొత్తం వదిలేసి, మంచినీళ్లతో వాసన తగ్గేదాకా కడగండి. ఈ నీళ్లు తాగకూడదు, వంటకీ వద్దు.

తాగే నీళ్లకి 1000 లీటర్లకి రెండున్నర గ్రాములు, అంటే టీస్పూన్‌లో సగానికి కాస్త ఎక్కువ. అదే పద్ధతిలో తేర్చి కలిపి అరగంట ఆగి వాడుకోవాలి. ఈ లెక్క కూడా నీళ్లు తేటగా ఉంటేనే, బురద నీళ్లలో వేస్తే క్లోరిన్ బురదకే సరిపోతుంది. పౌడరు తాజాగా ఉండాలి. కొత్తదాంట్లో నూటికి 33 పాళ్ల దాకా క్లోరిన్ ఉంటుంది, మూత సరిగ్గా లేని డబ్బా వానాకాలమంతా బాత్రూం అటక మీద ఉందంటే అందులో మిగిలింది సున్నమే, వాసన చూస్తే తెలిసిపోతుంది.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను: బ్లీచింగ్ వేసినచోట బాత్రూం యాసిడ్ పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ బుస్సున లేస్తుంది, మూసిన బాత్రూంలో, సంపులో అయితే ఊపిరాడక పడిపోతారు. సంపులోకి దిగాల్సి వస్తే మూత ముందుగానే తీసి గాలి ఆడనివ్వండి, మోటారు కరెంటు కట్టేయండి, పైన ఒక మనిషిని నిలబెట్టండి.

ప్రశ్న: క్లోరిన్ నీళ్లతో తలంటుకుంటే జుట్టు రాలుతుందా? (పటమట)

జవాబు: కుళాయి మోతాదుకి జుట్టు కుదుళ్లు ఊడవు. వెంట్రుక పొడిబారొచ్చు, గజ్జి, ఎగ్జిమా లాంటివి ఉన్నవాళ్లకి చర్మం చురుక్కుమనొచ్చు, వాళ్లు బకెట్‌లో నీళ్లు ముందే పట్టి కాసేపు వదిలేస్తే చాలు. జుట్టు బాగా రాలుతుంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, షవర్‌కి ఫిల్టరు కాదు.

ప్రశ్న: మాది పాత గుంటూరు, వీధి చివరిల్లు. మోటారు పెడితే తప్ప నీళ్లు అందవు. మొదటి రెండు బిందెలు కాస్త మురుగ్గా వచ్చి తర్వాత తేటపడతాయి. వాసన అసలు ఉండదు. మందు కలపని నీళ్లు దొరకడం మన అదృష్టం అంటారు మా ఆయన. నిజమేనా అండీ?

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను నిజంగా కంగారుపెట్టింది మీదేనమ్మా. మందు కలపక కాదు, కలిపింది మీ ఇంటికి వచ్చేలోపు ఏదో తినేస్తోంది. చివరిళ్లకి క్లోరిన్ తగ్గడం మామూలే, బొత్తిగా లేకపోవడం, మొదట మురుగు రావడం, ఈ రెండూ కలిస్తే దారిలో ఎక్కడో మురుగు కలుస్తోందనే అనుమానించాలి. నీళ్లు వదలడం ఆపగానే గొట్టం ఖాళీ అవుతూ చుట్టుపక్కల తడిని పగుళ్లలోంచి లోపలికి లాక్కుంటుంది. పక్కనే డ్రైనేజీ ఉంటే అదే. మీరంతా ఒకేసారి మోటార్లు పెట్టినప్పుడు ఆ లాగుడు ఇంకా ఎక్కువ. 2018 మార్చిలో మీ గుంటూరు పాతబస్తీలో డయేరియా ప్రబలి పలువురు చనిపోయింది మురుగు కలిసిన తాగునీళ్ల వల్లే, అది మీకు నేను గుర్తు చేయక్కర్లేదు.

వార్డు సచివాలయానికి వెళ్లి క్లోరిన్ పరీక్ష చేయమనండి, మీ వీధి మొదటింట్లో ఒకసారి, మీ ఇంట్లో ఒకసారి. కావాలంటే క్లోరిన్ ఉందో లేదో రంగుతో చూపే ఓటీ (ఆర్థోటోలిడిన్) కిట్ మీరూ కొనుక్కోవచ్చు. నీళ్లు వచ్చే సమయంలో నేరుగా పంపు కింద గాజుగొట్టం పట్టి గీత దాకా నింపి, చెప్పినన్ని చుక్కలు వేసి, పది సెకన్లలోపే రంగు చూడాలి. పసుపు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టు. ఆలస్యంగా చూస్తే రంగు ముదిరి లెక్క తప్పుతుంది. ఆ నీళ్లు పారబోయండి, ఓటీ ద్రావణం మంచిది కాదు, పిల్లలకి అందనివ్వకండి. మొదటింట్లో పసుపు వచ్చి మీ ఇంట్లో రాకపోతే లీకు మధ్యలోనే ఉంది, అర్జీలో ఆ ముక్క రాయండి, వెతికేవాళ్లకి పని సగం తగ్గుతుంది.

లీకు దొరికేదాకా మొదటి బిందెలు పారబోసి, మిగతావి తాగడానికీ పళ్లు తోముకోవడానికీ కూరలు కడగడానికీ కాచినవే వాడండి. కాచే వీల్లేకపోతే క్లోరిన్ బిళ్లలు, ప్యాకెట్ మీద రాసినన్ని లీటర్లకి ఒకటి, అరగంట ఆగాకే తాగాలి. ఇంట్లో ఎవరికైనా బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పట్టిస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, పక్కిళ్లలో కూడా ఎవరికైనా ఉన్నాయేమో కనుక్కుని ఆశా కార్యకర్తకి చెప్పండి.